జ్వరం తగ్గినా తగ్గని బాధలు: మాస్ట్ కణాల పాత్ర ఎంతవరకు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో జ్వరాల కాలం ముగిశాక కూడా క్లినిక్కుల ముందు వరుస తగ్గదు. "జరం పోయింది సార్, ఒళ్లు మాత్రం దారికి రాలేదు" అనే మాట అక్కడ కొత్త కాదు. ఒకరికి సాయంత్రమైతే దద్దుర్లు లేస్తాయి. ఇంకొకరికి నిలబడితే గుండె దడ. మరొకరికి ఇన్నాళ్లూ తిన్న తిండే పడదు, తిన్న వెంటనే కడుపు ఉబ్బరం, ముఖం ఎర్రబడటం. రక్తపరీక్షలు చేస్తే అన్నీ మామూలే అంటారు. కోవిడ్ తర్వాత ఇలాంటి బాధలన్నిటికీ కలిపి ఒక పేరు ప్రచారంలోకి వచ్చింది: మాస్ట్ సెల్ యాక్టివేషన్ సిండ్రోమ్. ఎలర్జీకి మూలమైన మాస్ట్ కణాలు వైరస్ వల్ల రెచ్చిపోయి, వైరస్ వెళ్లాక కూడా సద్దుమణగక ఇబ్బంది పెడుతున్నాయన్నది ఆ వాదన.

ఈ వాదనలో నిజం పాలు ఉంది. వైరస్‌లు మాస్ట్ కణాలను కదిలిస్తాయనడానికి, ముఖ్యంగా డెంగీలో, మంచి ఆధారాలున్నాయి. అయితే జ్వరం తర్వాత నెలల తరబడి మిగిలే బాధలకు ఆ కణాలే కారణమని చెప్పడానికి ఇప్పుడున్న ఆధారాలు చాలవు. మొదటి మాట నిజమైనంత మాత్రాన రెండోది నిజమైపోదు. ఆ రెంటికీ మధ్య ఉన్న ఖాళీని పూడ్చగలిగేది సరైన గంటలో తీసిన రక్తనమూనా ఒక్కటే. మన పట్టణాల్లో కొరవడింది కూడా అదే.

కుట్టిన చోటే మొదలయ్యే కథ

మాస్ట్ కణాలను జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిహ్ 1878లో తన డాక్టరేట్ పరిశోధనలో వర్ణించారు. రంగులు వేసి చూస్తే లోపల గింజల్లాంటి రేణువులు కిక్కిరిసి కనిపించే కణాలవి. ఆ రేణువుల్లో హిస్టమిన్ ఉంటుందని 1950ల తొలి ఏళ్లలో రైలీ, వెస్ట్ అనే ఇద్దరు బ్రిటన్ పరిశోధకులు తేల్చారు. హిస్టమిన్‌తో పాటు ట్రిప్టేజ్, కైమేజ్ అనే ఎంజైములు, హెపారిన్ కూడా వాటిలో నిల్వ ఉంటాయి. ఈ కణాలు రక్తంలో తిరగవు. చర్మంలో, శ్వాసనాళాల్లో, పేగుల్లో, సన్నని రక్తనాళాల పక్కన స్థిరపడి ఉంటాయి. అంటే బయటి నుంచి ఏది లోపలికి వచ్చినా ముందు వాటి వాకిలి దాటాలి.

ఏడిస్ దోమ పగలు కుట్టాక నిమిషాల్లో లేచే దద్దును దగ్గర నుంచి చూడండి. మధ్యలో ఉబ్బు, చుట్టూ ఎరుపు, ఆపుకోలేని దురద. దోమ లాలాజలానికి మాస్ట్ కణాలు స్పందించి హిస్టమిన్ వదిలిన గుర్తు అది. అక్కడి సన్ననాళాలు సందులిచ్చి రక్తంలోని ద్రవాన్ని బయటికి వదిలాయి కాబట్టే చర్మం ఉబ్బింది. ఆ దోమలో డెంగీ వైరస్ ఉంటే, అది ఒంట్లోకి దిగేదీ అక్కడే. వైరస్, దోమ లాలాజలం, మాస్ట్ కణం తొలిసారి ఎదురుపడే చోటు ఆ చిన్న దద్దు. చర్మం మీద ఒక్కచోట జరిగే ఈ ద్రవం కారడమే ఒళ్లంతా జరిగితే ఏమవుతుందో తీవ్రమైన డెంగీలో చూస్తాం.

మాస్ట్ కణం రెచ్చిపోవడానికి దారులు చాలా ఉన్నాయి. 1966–67లో కనుగొన్న ఐజీఈ ప్రతిరక్షకం ద్వారా జరిగేది బాగా తెలిసిన దారి. వేరుశెనగ ఎలర్జీ, తేనెటీగ కాటు ఎలర్జీ ఆ కోవలోవి. అదికాక, వైరస్ జన్యుపదార్థాన్ని పసిగట్టే గ్రాహకాలు కూడా ఈ కణాల్లో ఉన్నాయి. వాటి ద్వారా కదిలినప్పుడు రేణువులన్నీ ఒక్కసారి గుమ్మరించకుండా, ఇంటర్‌ఫెరాన్ వంటి సంకేతాలు పంపి మిగతా రోగనిరోధక కణాలను పిలుచుకోగలవు. కదలడం అంటే ప్రతిసారీ ఎలర్జీ అని కాదు. ఈ సంగతి తర్వాత చర్చకు చాలా ముఖ్యం.

డెంగీలో దొరికిన ఆధారాలు

థాయిలాండ్‌లో డెంగీ రక్తస్రావ జ్వరం వచ్చిన రోగుల 24 గంటల మూత్రంలో హిస్టమిన్‌ను కొలిచిన పరిశోధన 1977లోనే వచ్చింది. అంటే అనుమానం పాతదే. దానికి గట్టి పునాది మాత్రం 2011 తర్వాతే పడింది. డ్యూక్ విశ్వవిద్యాలయంలోనూ సింగపూర్‌లోని డ్యూక్–ఎన్‌యూఎస్ వైద్య విద్యాలయంలోనూ పనిచేసిన యాష్లీ సెయింట్ జాన్, సోమన్ ఏబ్రహాం బృందం మాస్ట్ కణాలు లేని ఎలుకలకు డెంగీ వైరస్ ఎక్కించి చూసింది. మాస్ట్ కణాలున్న ఎలుకల కంటే వీటిలో వైరస్ ఎక్కువ నిలిచింది. వైరస్‌ను చంపే కణాలను పిలిపించేది మాస్ట్ కణాలేనని దాన్నిబట్టి తేలింది. ఇక్కడ అవి మన పక్షాన ఉన్నాయి.

అదే బృందం 2013లో దీనికి రెండో వైపు చూపింది. వైరస్ ఒంట్లో బాగా వ్యాపించాక అవే కణాలు వదిలే కైమేజ్, ల్యూకోట్రయీన్ల వల్ల ఎలుకల రక్తనాళాల నుంచి ప్లాస్మా కారిపోయింది. ఆస్తమాకు వాడే కీటోటిఫెన్, మాంటెలుకాస్ట్, క్రోమోలిన్ ఇస్తే ఆ కారడం తగ్గింది. తీవ్ర డెంగీ వచ్చిన మనుషుల రక్తంలో కైమేజ్ ఎక్కువగా ఉందని కూడా వాళ్లు గమనించారు. శ్రీలంకలో పిల్లలనూ పెద్దలనూ పరీక్షించిన మరో అధ్యయనం, కైమేజ్ స్థాయి తీవ్రతను ముందుగా సూచించగలదని 2017లో తెలిపింది. ట్రిప్టేజ్ రక్తనాళాల గోడ కణాల మధ్య బిగువును సడలిస్తుందని 2019లో వచ్చిన పని చెప్పింది. డెంగీ రెండోసారి వచ్చినప్పుడు ఎందుకు ముదురుతుందన్న పాత ప్రశ్నకు కూడా ఇక్కడ ఒక సమాధానం దొరికింది: మొదటిసారి పుట్టిన ప్రతిరక్షకాలు రెండోసారి వైరస్‌ను మాస్ట్ కణాలకు అంటించి, వాటిని మరింత రెచ్చగొడతాయని 2015లో ఎలుకల్లో చూపారు.

ఇన్ని ఆధారాలు ఒకే వైపు చూపుతుంటే నమ్మకం కలగడం సహజం. అయినా ఇక్కడ రెండు విషయాల దగ్గర ఆగాలి. ఒకటి, వీటిలో కీలకమైనవన్నీ ఎలుకల మీద జరిగినవి. మనుషుల్లో కనిపించింది సంబంధం మాత్రమే. జబ్బు ముదిరితే కైమేజ్ పెరిగిందా, కైమేజ్ పెరిగినందుకు జబ్బు ముదిరిందా అన్నది రక్తంలో కొలిచినంత మాత్రాన తేలదు. రెండు, ప్లాస్మా కారడానికి మాస్ట్ కణాలు ఒక్కటే కారణం కావు. డెంగీ వైరస్ వదిలే ఎన్‌ఎస్1 ప్రోటీన్ తనంతట తానే రక్తనాళాల గోడను దెబ్బతీయగలదని 2015లో రెండు వేర్వేరు బృందాలు చూపాయి. ఆసుపత్రుల్లో డెంగీ నిర్ధారణకు చేసే ఎన్‌ఎస్1 పరీక్ష కొలిచేది ఆ ప్రోటీన్‌నే.

కాబట్టి డెంగీ వైద్యంలో నేటికీ మొదటి స్థానం ద్రవాలదే. జ్వరం మొదలైన మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, ముఖ్యంగా జ్వరం దిగుతున్నప్పుడు, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల పాలు) పెరుగుతోందా, కడుపునొప్పి, ఆగని వాంతులు ఉన్నాయా అని చూసుకోవాలి. మన ఊళ్లలో అందరి దృష్టీ ప్లేట్‌లెట్ల మీదే ఉంటుంది. "ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి?" అని అడగని బంధువు ఉండడు. ప్లాస్మా కారుతున్నదని ముందు చెప్పేది మాత్రం హెమటోక్రిట్. దాన్ని కూడా అడిగే అలవాటు ఇళ్లలో మొదలైతే ప్రాణాలు నిలుస్తాయి. కీటోటిఫెన్‌నో, మాంటెలుకాస్ట్‌నో డెంగీకి మందుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు సూచించలేదు. ఎలుకలో పనిచేసిందని మందుల షాపులో కొని వేసుకోవడం తగదు.

చికున్‌గున్యా మాటేమిటి? ఈ నేల దాన్ని బాగా ఎరుగును. 2005 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ తలెత్తిన ఆ జ్వరం 2006లో దేశమంతా పాకి, దాదాపు 13.9 లక్షల అనుమానిత కేసులకు చేరింది. నీళ్లకు కరువైన ఈ మెట్ట ప్రాంతంలో డ్రమ్ముల్లో, తొట్లలో, సంపుల్లో నీళ్లు పట్టి పెట్టుకోక తప్పదు. ఏడిస్ దోమకు అంతకంటే అనువైన చోటు ఉండదు. ఆ జ్వరం తర్వాత నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి, కీళ్లు పట్టేశాయి. కానీ ఆ కీళ్లనొప్పులకు కారణంగా మాక్రోఫేజ్‌లు, టీ కణాలు అనే ఇతర రోగనిరోధక కణాల పాత్ర మీదే ఎక్కువ ఆధారాలున్నాయి. డెంగీలో దొరికినదాన్ని తీసుకొచ్చి చికున్‌గున్యాకు అతికించలేం.

కోవిడ్ తర్వాత పెరిగిన వాదన

కోవిడ్‌తో చనిపోయినవారి ఊపిరితిత్తులను పరీక్షించిన బ్రెజిల్ పరిశోధకులు గాలితిత్తుల గోడల్లో మాస్ట్ కణాలు పెరిగి ఉన్నాయని 2020లో రాశారు. తీవ్ర కోవిడ్ రోగుల రక్తంలో కైమేజ్ పెరిగిందని సింగపూర్ బృందం 2021లో తెలిపింది. జబ్బు మంచి ఊపు మీదున్నప్పుడు మాస్ట్ కణాలు కూడా రంగంలో ఉన్నాయనడానికి ఇవి సాక్ష్యాలు. దీర్ఘకాలం మిగిలే బాధలకు మాత్రం ఇవి సాక్ష్యాలు కావు.

లాంగ్ కోవిడ్ విషయంలో తరచూ చూపే అధ్యయనం 2021లో వచ్చింది. అందులో 136 మంది లాంగ్ కోవిడ్ బాధితులను ఒక ప్రశ్నావళితో అడిగారు. వాళ్లు చెప్పిన లక్షణాలు మాస్ట్ సెల్ సిండ్రోమ్ రోగుల లక్షణాలతో దాదాపు సరిపోయాయి. ఇందులో పాల్గొన్నవారు సోషల్ మీడియాలోని లాంగ్ కోవిడ్ సహాయ బృందాల నుంచి వచ్చారు. లక్షణాలు వాళ్లు స్వయంగా చెప్పినవి. నీరసం, తలనొప్పి, దడ, మతిమరుపు, నిద్రపట్టకపోవడం అడిగితే రక్తహీనత ఉన్నవారూ, థైరాయిడ్ ఉన్నవారూ, తగినంత నిద్ర లేనివారూ అవునంటారు. లక్షణాల పోలిక ఆలోచనకు దారి చూపుతుంది. అంతకుమించి దాని మీద బరువు పెట్టకూడదు.

హిస్టమిన్‌ను అడ్డుకునే మాత్రలతో లాంగ్ కోవిడ్ రోగులు కొందరు మెరుగుపడ్డారని చిన్న చిన్న అధ్యయనాలు చెప్పాయి. మెరుగుపడ్డవారి ఊరట నిజమైనదే. దాన్ని తేలిక చేసే హక్కు ఎవరికీ లేదు. అయితే డమ్మీ మాత్రతో పోల్చకుండా చూసినప్పుడు, కాలంతో తగ్గిందెంత, మందుతో తగ్గిందెంత అని విడదీయలేం. పాతరకం ఎలర్జీ మాత్రలు నిద్రనిస్తాయి. వారాల తరబడి నిద్ర లేనివాడికి నిద్ర పడితే మిగతా బాధల్లో సగం తేలికవుతాయి. దాన్నిబట్టి మాస్ట్ కణాలే దోషులని తీర్పు చెప్పలేం.

మనుషుల్లో ఇంతకంటే గట్టి సూచన వేరే చోట ఉంది. అమెరికా నగరాల్లో ఆస్తమా ఉన్న పిల్లలకు బళ్లు తెరిచే కాలంలో జలుబు వైరస్‌ల వల్ల ఆయాసం ముదురుతుంది. ఐజీఈని కట్టడి చేసే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ ఇస్తే ఆ ముదరడం తగ్గిందని 2011లోనూ 2015లోనూ వచ్చిన యాదృచ్ఛిక ప్రయోగాలు చూపాయి. ఎలర్జీ వ్యవస్థకూ వైరస్‌కూ మనిషిలో నిజమైన లంకె ఉందని ఇది చెబుతుంది. ఆ లంకెలో మాస్ట్ కణాలతో పాటు ఇతర కణాలూ ఉన్నాయి.

ఏ లెక్కతో నిర్ధారించాలి?

వియన్నాలో సమావేశమైన నిపుణుల బృందం మూడు షరతులు పెట్టి 2012లో ప్రచురించింది. శరీరంలో కనీసం రెండు అవయవ వ్యవస్థల్లో మళ్లీ మళ్లీ వచ్చిపోయే లక్షణాలుండాలి. ఆ దాడి సమయంలో రక్తంలో ట్రిప్టేజ్ పెరగాలి. మాస్ట్ కణాలను అణిచే మందులకు లక్షణాలు తగ్గాలి. మూడూ కలిస్తేనే నిర్ధారణ. అయితే ఇంకో వర్గం నిపుణులు ఇంతకంటే చాలా వెడల్పైన ప్రమాణాలు ప్రతిపాదించారు. వాటి ప్రకారం చూస్తే జనాభాలో పెద్ద భాగమే ఈ జబ్బు కిందికి వస్తుంది. నా దృష్టిలో మొదటి ప్రమాణాలే రోగికి మేలు చేస్తాయి. వెడల్పైన వలలో అసలు జబ్బు, అంటే థైరాయిడ్, క్షయ, గుండె లయ తేడా, కనబడకుండా పోయే ప్రమాదం ఉంది.

ట్రిప్టేజ్ లెక్క ఎలా పనిచేస్తుందో చూద్దాం. బాధ లేని రోజున తీసిన రక్తంలో ఉన్న అంకెను 1.2తో గుణించి 2 కలపాలి. దాడి సమయంలో అంకె దాన్ని చేరితేనో దాటితేనో లెక్క. మామూలు రోజు మిల్లీలీటరుకు 5 నానోగ్రాములున్న మనిషికి గీత 8 దగ్గర పడుతుంది. దాడి వేళ 9 వచ్చిందనుకుందాం. ల్యాబ్ కాగితం మీద సాధారణ పరిమితి 11.4 దాకా అని ఉంటుంది కాబట్టి 'నార్మల్' అని వస్తుంది. ఆ ఒక్క కాగితాన్నే చూసిన డాక్టరు ఏమీ లేదని పంపేస్తారు. నిజానికి ఆ మనిషిలో మాస్ట్ కణాలు కదిలాయి. దీనికి తిరగబడ్డ ఉదాహరణ కూడా ఉంది. ట్రిప్టేజ్ జన్యువు అదనపు ప్రతులతో పుట్టినవారికి ఏ బాధా లేనప్పుడు కూడా అంకె ఎక్కువే ఉంటుంది. పాశ్చాత్య జనాభాలో సుమారు 5 శాతం మందిలో ఇది ఉందని 2016 తర్వాతి పరిశోధనల్లో తేలింది. వాళ్లలో ఒకరికి 13 వచ్చిందని జబ్బు పేరు పెట్టేస్తే అది తప్పు.

రెండు నమూనాలు కావాలి: ఒకటి బాధ మొదలైన ఒకటి నుంచి నాలుగు గంటల్లోపు, మరొకటి బాధ పూర్తిగా తగ్గి కనీసం 24 గంటలు గడిచాక. ట్రిప్టేజ్ రక్తంలో సగానికి తగ్గడానికి రెండు గంటలే పడుతుంది. రాత్రి పది గంటలకు ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు పట్టేసిన మనిషి మర్నాడు పొద్దున పుంగనూరు నుంచి బస్సెక్కి పెద్ద ఆసుపత్రికి చేరేసరికి సాక్ష్యం చెరిగిపోతుంది.

ఆరోగ్యవరంలో 1940

ఏ కణం దోషి అనే ప్రశ్న ఈ నేలకు కొత్త కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1912లో మొదలైన యూనియన్ మిషన్ క్షయ శానిటోరియంలో డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్–మోలర్, బార్టన్ అనే సహచరుడు 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ఒక వ్యాసం రాశారు. క్షయ అనుకుని శానిటోరియంకు పంపిన రోగుల్లో కొందరికి క్షయ లేదు. రాత్రిపూట ఆగని దగ్గు, ఆయాసం, ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా మచ్చలు ఉన్నాయి. కఫంలో క్షయ క్రిమి మాత్రం దొరకలేదు. రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు అసాధారణంగా పెరిగి ఉన్నాయి. ఆ వైద్యులు దాన్ని క్షయలా కనిపించే, ఇసినోఫిల్స్ పెరిగే స్థితి అని మాత్రమే వర్ణించి, కారణం చెప్పకుండా ఆగారు. ఆ ఆగడంలో ఎంత క్రమశిక్షణ ఉందో నాకు ఆ వ్యాసం సంగతి తలచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది. అదే స్థితిని 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో 'ట్రాపికల్ ఇసినోఫిలియా' అన్న పేరుతో ప్రచురించాక ప్రపంచానికి తెలిసింది.

వైన్‌గార్టెన్ ఆర్సెనిక్ మందు ఇస్తే రోగులు కోలుకున్నారు. మందు పనిచేసింది, కారణం మాత్రం తేలలేదు. తర్వాత వచ్చిన డైఇథైల్ కార్బమజీన్ ఇంకా బాగా పనిచేసింది. బోదకాలు పురుగును చంపే ఆ మందును 1940లలో లెడర్లే ప్రయోగశాలలో రూపొందించింది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం. మందు పనిచేసిన తీరును బట్టి బోదకాలు పురుగు మీద అనుమానం బలపడింది. అయితే అనుమానం రుజువు కావడానికి మరి కొన్నేళ్లు పట్టింది. 1960లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి చెందిన వెబ్, జాబ్, గాల్ట్ అలాంటి రోగుల ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, లసిక గ్రంథుల్లో సూక్ష్మ ఫైలేరియా పురుగులను సూక్ష్మదర్శినిలో చూపారు. ఆ పురుగుల మీద శరీరం చూపే తీవ్రమైన ఎలర్జీ తరహా స్పందనే ఆ జబ్బు. అందులో ఐజీఈ విపరీతంగా పెరుగుతుంది. మాస్ట్ కణాలు కదిలే వ్యవస్థ అంతా అందులో పాలుపంచుకుంటుంది.

మొదటి వర్ణన నుంచి కణజాలంలో రుజువు దాకా ఇరవై ఏళ్లు. ఆ ఇరవై ఏళ్లలో మూడు పనులు వేరువేరుగా జరిగాయి: లక్షణాల సమూహాన్ని జాగ్రత్తగా విడదీయడం, కొలవగలిగిన గుర్తును పట్టుకోవడం, కారణాన్ని కంటితో చూపడం. మందుకు లొంగడం మధ్యలో దారి చూపింది, తీర్పు చెప్పలేదు. జ్వరం తర్వాతి బాధల విషయంలో మనం ఇప్పుడు మొదటి పని కూడా పూర్తి చేయలేదు.

ఇక్కడి గాలీ, పనీ, సూదీ

ఇక్కడ ఎలర్జీలకు వైరస్ కాని కారణాలు చాలా ఉన్నాయి. మదనపల్లె, కుప్పం, పలమనేరు చుట్టూ మల్బరీ తోటలు, పట్టుపురుగుల పెంపకం ఉంది. పురుగుల విసర్జన, పట్టు చిలకల రెక్కల పొలుసులు ఊపిరితిత్తుల ఎలర్జీ తెప్పించగలవు. టమోటా తోటల్లో పురుగుమందులు కొట్టేవారికి దద్దుర్లు, ఆయాసం వస్తే అది పూర్తిగా వేరే లెక్క. పొలం గట్ల మీద పెరిగే వయ్యారిభామ తగిలితే వచ్చే చర్మవ్యాధి ప్రధానంగా టీ కణాల ద్వారా జరిగే ఆలస్యపు స్పందన. అది దురదే కానీ మాస్ట్ కణాల ఖాతాలోది కాదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది మందులే. జ్వరం రాగానే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది, సెలైన్, యాంటీబయాటిక్, నొప్పుల మాత్ర అన్నీ ఒక్కసారే పడతాయి. 2015లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఐజీఈ ప్రమేయం లేకుండానే మాస్ట్ కణాలను నేరుగా కదిలించే ఒక గ్రాహకాన్ని గుర్తించింది. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి ఫ్లోరోక్వినొలోన్ మందులు దానికి అంటుకుంటాయి. ఆస్పిరిన్, డైక్లోఫినాక్ తరగతి నొప్పుల మాత్రలు ఇంకో దారిలో దద్దుర్లు తెప్పిస్తాయి. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఆ తరగతి మాత్రలు రక్తస్రావం ప్రమాదం వల్ల అసలు వాడకూడదు. నాలుగో రోజు దద్దుర్లు లేచాయంటే, అది వైరస్ దద్దురా, మూడో రోజు వేసిన సూది వల్లనా? సూది ఏమిటో చీటీలో రాసి ఉండకపోతే ఎవరూ చెప్పలేరు. పిల్లల్లో అకస్మాత్తుగా వచ్చే దద్దుర్లకు వైరస్ ఇన్‌ఫెక్షన్లే తరచైన కారణమని తెలిసి కూడా, యాంటీబయాటిక్ వేసుకున్న రోజున లేచిన దద్దును జీవితాంతం 'ఆ మందు పడదు' అని రాసేస్తారు. ఆ ముద్ర వల్ల రేపు నిజంగా అవసరమైనప్పుడు ఆ బిడ్డకు మంచి మందు దూరమవుతుంది.

కుప్పం పరిస్థితి ఇంకో మెలిక. అక్కడి రోగి ఒక వైద్యానికి పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్తే, మరో దానికి రైలెక్కి బెంగళూరుకో, అటు వెల్లూరుకో వెళ్తారు. మూడు రాష్ట్రాల కూడలి అది. కాగితాలు మూడు చోట్ల, మూడు రకాల పరీక్షలు. ఒకే మనిషి జ్వరం కథ ఒక చోట పూర్తిగా దొరకదు. పాత చిత్తూరు జిల్లాలో కనిపించే స్క్రబ్ టైఫస్ కూడా దద్దుర్లతో, ఒళ్లునొప్పులతో వైరస్ జ్వరంలా వేషం కడుతుంది. అది బ్యాక్టీరియా జబ్బు, డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది. దాన్ని 'విషజ్వరం' అని సరిపెట్టి, ఆ తర్వాతి నీరసాన్ని మాస్ట్ కణాల మీదికి తోస్తే అసలు జబ్బుకు మందు అందదు.

చేయగలిగిన పరిశోధన

ఈ ప్రశ్నకు జవాబు ఇక్కడే వెతకవచ్చు. ఇక్కడ ఆ సంప్రదాయం ఉంది. 1950లలో మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో జోహానెస్ ఫ్రిమాట్–మోలర్ బృందం బీసీజీ టీకా పనితీరును జనాభా మొత్తాన్ని జాబితా చేసి, ఏళ్ల తరబడి వెంటపడి పరిశీలించింది. ఫలితాలు 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చాయి. క్లినిక్‌కు వచ్చినవాళ్లనే కాక రానివాళ్లనూ లెక్కలోకి తీసుకోవడం ఆ పని బలం. నేటి ప్రశ్నకూ అదే కావాలి. జ్వరం వచ్చిన వందమందిలో ఎందరికి మూడు నెలల తర్వాత కూడా బాధలున్నాయి? జ్వరం రాని పక్కింటివారిలో అవే బాధలు ఎందరికి ఉన్నాయి? ఈ రెండో అంకె లేకుండా మొదటి అంకెకు అర్థం లేదు.

అలాంటి అధ్యయనంలో ఎన్‌ఎస్1, ఐజీఎం పరీక్షలతో డెంగీ నిర్ధారణ అయిన రోగులను, చికున్‌గున్యా, కోవిడ్, స్క్రబ్ టైఫస్ రోగులను వేరువేరు గుంపులుగా ఉంచాలి. జ్వరం ఉన్నప్పుడు ఒక నమూనా, కోలుకున్నాక ఒక నమూనా, మళ్లీ దద్దుర్లు లేచిన ప్రతిసారీ గంటల్లోపు ఒక నమూనా తీసుకోవాలి. ట్రిప్టేజ్ నమూనాను గడ్డకట్టించి దాచి, తర్వాత కొలిచే వీలుంది. కాబట్టి యంత్రం పెద్ద నగరంలో ఉన్నా ఫర్వాలేదు, ఫ్రీజర్ తాలూకా ఆసుపత్రిలో ఉండాలి. బోదకాలు పురుగులు, పేగు పురుగులు కూడా ఐజీఈని పెంచుతాయి కనుక వాటిని ముందే పరీక్షించాలి. పట్టుపురుగుల పని, పురుగుమందుల పని చేసేవారెవరో రాసుకోవాలి. చివరగా, ఎలర్జీ మాత్రను డమ్మీ మాత్రతో పోల్చి, ట్రిప్టేజ్ నిజంగా పెరిగినవారిలోనే ఊరట ఎక్కువగా ఉందా అని చూడాలి. ఉంటే మాస్ట్ కణాల వాదనకు మనుషుల్లో మొదటి గట్టి మద్దతు దొరుకుతుంది. అందరిలో సమానంగా ఉంటే వేరే దారి వెతకాలి.

అంతవరకు రోగులకు చెప్పగలిగింది కొంత ఉంది. దద్దుర్లతో పాటు గొంతు పట్టేసినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా అది తీవ్ర ఎలర్జీ దాడి. దానికి మొదటి మందు తొడ కండరంలో అడ్రినలిన్ ఇంజెక్షన్, ఎలర్జీ మాత్ర కాదు. మాత్ర వేసుకుని ఇంట్లో పడుకుని చూద్దామనుకోవద్దు. మళ్లీ మళ్లీ దద్దుర్లు వస్తుంటే ఏ రోజు, ఎన్ని గంటలకు లేచాయో, దానికి ముందు ఏం తిన్నారో, ఏ మందు వేసుకున్నారో ఒక కాగితం మీద రాసుకుని, ఆ మందు ఖాళీ స్ట్రిప్‌ను కూడా పారేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. డాక్టర్లు, ఆర్‌ఎంపీలు ఇచ్చిన ప్రతి సూది పేరూ, ఇచ్చిన సమయమూ చీటీ మీద స్పష్టంగా రాయాలి.